కెరటం బరువెంత?

"అలలు తగ్గిన తరువాత సముద్రస్నానం చేద్దామనుకున్నాడట" అని మనకో సామెత ఉంది. అలలు తగ్గవు, స్నానం అవదు. నడిసముద్రంలో ఉక్కు స్తంభాలు పాతి, వాటి మీద మనుషుల్ని ఉంచి, చమురూ గ్యాసూ తీసే ఇంజనీర్లు ఈ సామెతలోని మనిషిలా ఆగి కూర్చోవడానికి వీల్లేదు. అన్నిటికంటె పెద్ద అల ఏదో ఒకనాడు వస్తుందని ముందే ఒప్పుకోవాలి. అది స్తంభాన్ని ఎంత బలంతో నెడుతుందో లెక్క కట్టాలి. ఆ తరువాతే పని మొదలుపెట్టాలి. ఆ లెక్క ఎలా పుట్టిందో, ఎవరు పుట్టించారో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేనుండేది పెర్త్ శివార్లలోని పియారా వాటర్స్‌లో. పేరులో నీళ్ళున్నాయి కాని మా ఇంటి నుంచి సముద్రం కనపడదు. అయినా సముద్రం మాట మాత్రం తరచు వినపడుతూనే ఉంటుంది. ఉత్తరాన కరాతాకో, బారో ద్వీపానికో విమానంలో వెళ్ళి, వారాల తరబడి పనిచేసి ఇంటికి తిరిగొచ్చే వాళ్ళు పెర్త్ పేటల్లో చాలామంది ఉన్నారు. నేను చదివింది సివిల్ ఇంజనీరింగు, బతుకుతెరువు సాఫ్ట్‌వేరు. సముద్ర కట్టడాలకి లెక్కలు వేసే ప్రోగ్రాములు ప్రతి ఉక్కు గొట్టానికీ రెండు అంకెలు ఇమ్మని అడుగుతాయి. ఒకటి ఈడ్పు గుణకం, రెండవది జడత్వ గుణకం. రెండు గళ్ళలో రెండు అంకెలు వేసి మీట నొక్కితే క్షణంలో సమాధానం వస్తుంది. కాని ఆ రెండు అంకెలూ ఏ సిద్ధాంతమూ ఇచ్చినవి కావు. ఎవరో నీళ్ళలో దిగి కొలిస్తే వచ్చినవి.

గొట్టమే ఎందుకు?

సముద్ర కట్టడాల కాళ్ళూ, వాటిని కలిపే అడ్డ కమ్మీలూ దాదాపు అన్నీ గుండ్రటి గొట్టాలే. కారణం తేలిక. గాలి మారినప్పుడల్లా అల దిక్కు మారుతుంది. నలుచదరపు స్తంభానికి ఒక దిక్కు అనుకూలం, మరొక దిక్కు ప్రతికూలం. గుండ్రటి దానికి అన్ని దిక్కులూ ఒకటే. పైగా నీటి ఒత్తిడికి గుండ్రటి గొట్టం బాగా తట్టుకుంటుంది.

ఈ సంగతి పూర్వులకీ తెలుసు. పెర్త్‌కి దక్షిణాన ఉన్న బసల్టన్ జెట్టీని మీలో చాలామంది చూసే ఉంటారు. 1865లో మొదలై, అంచెలంచెలుగా పెరిగి, 1,841 మీటర్ల పొడవైన ఆ చెక్క వంతెన దుంగల మీదే నిలబడింది. 1978 ఏప్రిల్‌లో ఆల్బీ తుఫాను వచ్చి అందులో చాలా భాగాన్ని ఊడ్చుకుపోయింది. పాత రోజుల్లో దుంగ ఎంత లావుండాలో అనుభవమే చెప్పేది. అనుభవం ఎన్నడూ చూడని అల వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నదే చిక్కు.

తోలు ఉంగరాల సాక్ష్యం

అల దెబ్బని మొట్టమొదట పట్టుదలగా కొలిచిన వాళ్ళలో స్కాట్లండ్‌కి చెందిన థామస్ స్టీవెన్‌సన్ ఒకడు. దీపస్తంభాలు కట్టే ఇంజనీర్ల కుటుంబం వాళ్ళది. "ట్రెజర్ ఐలండ్" నవల రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ ఈయన కొడుకే. 1840లలో ఈయన ఒక పరికరం తయారు చేశాడు. ముందు ఒక ఇనుప పళ్ళెం, దాని వెనక ఒక స్ప్రింగు, పళ్ళేన్ని నిలిపే కడ్డీలకి తోలు ఉంగరాలు. అల వచ్చి పళ్ళేన్ని నెడితే స్ప్రింగు సాగుతుంది, కడ్డీలు కదులుతాయి, ఉంగరాలు జరుగుతాయి. అల వెనక్కి పోయాక పళ్ళెం తన చోటుకి వచ్చేస్తుంది, ఉంగరాలు మాత్రం జరిగిన చోటే ఉండిపోతాయి. తుఫాను తగ్గాక వెళ్ళి, ఉంగరం ఎంత జరిగిందో చూసుకుంటే అన్నిటికంటె గట్టి దెబ్బ ఎంతో తెలిసిపోతుంది.

స్కెరీవోర్ దీపస్తంభం దగ్గర 1845 మార్చి 29న ఆ పరికరం చూపించిన అంకె చదరపు అడుగుకి 6,083 పౌన్లు. మన కొలతల్లో చెప్పాలంటే చదరపు మీటరుకి దాదాపు 30 టన్నులు. ఒక గుమ్మం తలుపు మీద నాలుగైదు లారీల బరువు ఒక్కసారిగా పడినట్టు అన్నమాట.

అయితే తోలు ఉంగరానికి ఒక లోపం ఉంది. "ఎంత" అన్నది చెబుతుంది, "ఎప్పుడు" అన్నది చెప్పలేదు. అల శిఖరం తగిలినప్పుడా, అల లేస్తున్నప్పుడా? మరో నూరేళ్ళ తరువాత అసలు రహస్యం ఆ "ఎప్పుడు" లోనే దొరికింది.

రెండు బలాల కథ

1947లో అమెరికాలోని లూసియానా రాష్ట్రం దగ్గర, ఒడ్డు కంటికి కనపడనంత దూరంలో, కెర్-మగీ కంపెనీ చమురు బావి తవ్వింది. అక్కడి నుంచి కంపెనీలన్నీ సముద్రం మీద పడ్డాయి. వాళ్ళకి అత్యవసరంగా కావలసిన ప్రశ్న ఒకటే: అల గొట్టాన్ని ఎంత బలంతో నెడుతుంది?

జవాబు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖ నుంచి 1950లో వచ్చింది. వ్యాసం రాసినవారు నలుగురు: మోరిసన్, ఓబ్రయన్, జాన్సన్, షాఫ్. వీళ్ళలో మోరిసన్ అప్పటికి విద్యార్థి. జాబితాలో మొదటి పేరు అతనిది కావడం వల్ల సమీకరణానికి అతని పేరే స్థిరపడింది.

వాళ్ళు చెప్పినదాన్ని గోదావరి రేవులో నిలబడి అర్థం చేసుకోవచ్చు. నడుంలోతు నీళ్ళలో నిలబడితే ప్రవాహం మనల్ని నెడుతుంది. ప్రవాహం వేగం రెట్టింపైతే నెట్టుడు నాలుగు రెట్లవుతుంది. ఇది ఈడ్పు బలం. నడుస్తున్న బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టిన వాళ్ళందరికీ ఇది తెలిసినదే. రెండవది ఇంత తేలిగ్గా కంటికి కనపడదు. నీరు ఒకే వేగంతో పోకుండా వేగం పుంజుకుంటున్నప్పుడు, ఆ పుంజుకోవడమే గొట్టాన్ని అదనంగా నెడుతుంది. ఇది జడత్వ బలం. నీళ్ళలో ఊగే లోలకం తన అసలు బరువు కంటె ఎక్కువ బరువున్నట్టు ప్రవర్తిస్తుందని 18వ శతాబ్దంలోనే ద్యుబువా అనే ఫ్రెంచి ఇంజనీరు గమనించాడు. చుట్టూ ఉన్న నీటిని కూడా కదిలించాలి కనుక అలా అనిపిస్తుంది. మొత్తం బలం ఈ రెండింటి కూడిక.

ఇప్పుడు "ఎప్పుడు" సంగతికి వద్దాం. అల శిఖరం గొట్టం దగ్గర ఉన్నప్పుడు నీటి వేగం గరిష్ఠం, త్వరణం సున్న. అంచేత ఆ క్షణంలో కొలిచిన బలమంతా ఈడ్పే. శిఖరం రావడానికి పావు ఆవృత్తి ముందు వేగం సున్న, త్వరణం గరిష్ఠం. ఆ క్షణంలో కొలిచినదంతా జడత్వమే. ప్రకృతి రెండు బలాల్నీ విడదీసి, చెరొక క్షణంలో మన చేతికి ఇస్తోందన్నమాట! బర్క్‌లీ బృందం అలల తొట్టిలో ఒక గొట్టాన్ని అడుగున మడతబందుతో నిలబెట్టి, అలకి అది ఎంత వంగబోతోందో క్షణక్షణమూ నమోదు చేసి, ఆ రెండు క్షణాలనూ ఏరుకున్నారు. అలా పుట్టాయి రెండు గుణకాలు.

స్టీవెన్‌సన్ చెయ్యలేనిది వీళ్ళ కాలానికి సాధ్యం కావడానికి ఒక చిన్న వస్తువు కూడా తోడ్పడింది. లోహం మీద అతికించి, అది సాగినంత మేర విద్యుత్ నిరోధంలో మార్పు చూపే సన్నని తీగ. దీన్ని స్ట్రెయిన్ గేజి అంటారు. 1938లో సిమన్స్, రూజ్ అనే ఇద్దరు అమెరికన్లు ఎవరి మటుకు వారు దీన్ని కనిపెట్టారు. ఆ తరువాతి రోజుల్లో తుఫానులో ఉన్న గొట్టం మీద బలాన్ని క్షణక్షణం రాసిపెట్టగలిగింది ఇలాంటి సాధనాల వల్లనే.

ఇద్దరు వలసవాసులు

కొలత మొదలయ్యాక కొత్త చిక్కు వచ్చింది. ఒకరి గుణకం మరొకరికి కలవలేదు. తొట్టిలో ఒక అంకె, సముద్రంలో మరొకటి. ఒకే చోట రెండు అలలకి రెండు అంకెలు. 1950లలో కాలిఫోర్నియాలోని డావెన్‌పోర్ట్ తీరంలో నిజమైన గొట్టం మీద కొలిచిన అంకెలూ చెల్లాచెదురుగానే వచ్చాయి.

ఈ చిక్కుముడి విప్పడం మొదలుపెట్టినది గార్బిస్ కూలెగన్. ఆటొమన్ సామ్రాజ్యంలోని సివాస్ పట్టణంలో పుట్టిన ఆర్మీనియన్. అమెరికాకి వలస వచ్చి, ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో చేరాడు. 1958లో కార్పెంటర్‌తో కలిసి ఆయన చెప్పినది ఇది: నీరు వెనక్కి తిరిగే లోపల గొట్టం వ్యాసానికి ఎన్ని రెట్లు దూరం పోతున్నదో చూడండి. కొద్ది దూరమే పోయి తిరిగితే జడత్వానిదే పైచెయ్యి. చాలా దూరం పోతే గొట్టం వెనక సుడులు విడివడి ఈడ్పుది పైచెయ్యి అవుతుంది. అంటే గుణకం స్థిరమైన అంకె కాదు, అల పొడుగుని బట్టీ గొట్టం లావుని బట్టీ మారేది. ఈ నిష్పత్తికి నేటికీ ఆ ఇద్దరి పేర్లే.

రెండవవాడు తుర్గుత్ సార్ప్‌కాయా. టర్కీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు. మనింట్లో గోడ కట్టే తాపీమేస్త్రి లెవెలు చూసుకోడానికి నీళ్ళు నింపిన సన్న గొట్టం వాడతాడు కదా, దాన్ని ఒక గదంత పెద్దది చేసినట్టు ఊహించుకోండి. కాలిఫోర్నియాలోని మాంటరేలో, నౌకాదళ కళాశాలలో, 1970లలో ఈయన "యూ" ఆకారంలో పెద్ద నీటి సొరంగం కట్టించాడు. అందులో నీటిని ఒకసారి ఊపితే అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. అడుగున ఉన్న అడ్డ భాగంలో గొట్టం బిగించి, రెండు కొసల దగ్గరా బలం కొలిచాడు. తొట్టిలో అలల కంటె వేగంగా, లావుపాటి గొట్టం మీద, నింపాదిగా కొలిచే వీలు కలిగింది. నున్నటి గొట్టానికీ, గరుకు గొట్టానికీ ఉన్న తేడా స్పష్టంగా తేలింది.

ఈ వరసలోనే మన దేశం నుంచి వెళ్ళిన సుబ్రత చక్రవర్తి పేరు కూడా చెప్పుకోవాలి. ఇలినాయ్‌లో షికాగో బ్రిడ్జ్ అండ్ ఐరన్ కంపెనీ అలల తొట్టిలో ఏళ్ళ తరబడి కొలిచి, 1987లో ఆయన రాసిన సముద్ర కట్టడాల గ్రంథం ఈ రంగంలో అందరూ చదివేదే. పుట్టిన ఊళ్ళు ఒకచోట, కొలిచిన నీళ్ళు మరొకచోట. ఇటువంటి సభలకి వచ్చే మనకి ఆ బతుకు కొత్తేమీ కాదు.

నాచు ఖరీదు

గరుకుదనం గురించి ఇంకాస్త చెప్పాలి. సముద్రంలో దించిన ఉక్కు గొట్టం నున్నగా ఉండేది కొద్ది కాలమే. ముందు నాచు, తరువాత గుల్లలు, ఆల్చిప్పలు పట్టేస్తాయి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 1993లో వెలువరించిన నియమావళి ప్రకారం నున్నటి గొట్టానికి ఈడ్పు గుణకం 0.65, జడత్వ గుణకం 1.6. గుల్లలు పట్టిన గొట్టానికి ఈడ్పు 1.05, జడత్వం 1.2.

మీటరు వ్యాసం ఉన్న గొట్టాన్ని తీసుకుందాం. నీరు సెకనుకి 3 మీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. నున్నటి గొట్టం మీద ఈడ్పు, ప్రతి మీటరు పొడుగుకీ సుమారు 300 కిలోల బరువంత. గుల్లలు పట్టాక అదే 490 కిలోలకి దగ్గరవుతుంది. గుల్లల వల్ల గొట్టం లావెక్కిన సంగతి ఇందులో కలపలేదు. వేగం సెకనుకి 6 మీటర్లయితే ఈ అంకెలన్నిటినీ నాలుగుతో గుణించుకోవాలి. ప్రోగ్రాము గడిలో 0.65 వెయ్యాలా 1.05 వెయ్యాలా అన్నది ఇంత పెద్ద విషయం. అందుకే ఈదుకుంటూ దిగి గుల్లలు గీకే మనుషులకీ, ఏసీ గదిలో లెక్కలు వేసే మనుషులకీ సంబంధం ఉంది.

పెద్ద అల ఒక్కటే శత్రువు అనుకోవద్దు. పది సెకన్లకి ఒక అల చొప్పున ఏడాదికి ముప్ఫై లక్షలకు పైగా అలలు వస్తాయి. ఒక్కొక్కటీ చిన్నదే, కాని ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగినట్టే ఉక్కూ అలిసిపోతుంది. 1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలండ్ అనే తేలే వసతి వేదిక ఒరిగిపోయింది. అందులో ఉన్న 212 మందిలో 123 మంది చనిపోయారు. ఒక గుండ్రటి అడ్డ కమ్మీకి చిన్న పరికరాన్ని అమర్చడానికి వేసిన వెల్డింగు దగ్గర మొదలైన పగులు, అల వెంట అల తగిలి పెరిగి, కమ్మీని తెంపేసింది. దానితో ఒక కాలు విడిపోయింది.

1989: రెండు తీరాలు, రెండు తుఫానులు

మా పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో, కరాతా నుంచి 135 కిలోమీటర్ల దూరాన, 125 మీటర్ల లోతు నీళ్ళలో నార్త్ రాంకిన్ గ్యాసు వేదిక 1982లో నిలబడింది. అలలు నెట్టినదాన్ని అడుగున నేల పట్టుకోవాలి. ఇక్కడి నేల మామూలు ఇసక కాదు, గవ్వలూ పగడాలూ నలిగిన సున్నపు ఇసక. సుత్తితో కొట్టి దింపవలసిన స్తంభాలు తమ బరువుకే జారి దిగిపోయాయి. తరువాత చాలా ఖర్చుపెట్టి పునాదులు గట్టిపరిచారు. 1989 ఏప్రిల్‌లో ఓర్సన్ తుఫాను సరిగ్గా ఆ వేదిక మీదుగానే వెళ్ళింది. అక్కడి పరికరం 905 హెక్టోపాస్కల్ వాయుపీడనం చూపించింది. వేదిక నిలబడింది.

అదే ఏడాది నవంబరు 3న థాయిలాండ్ సింధుశాఖలో గే అనే తుఫాను సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ ఓడని బోల్తా కొట్టించింది. 97 మందిలో ఆరుగురే బతికారు. అది ఓడ కనుక మన గొట్టాల లెక్క దానికి నేరుగా వర్తించదు. అయినా ఆ తుఫాను మనకి పరాయిది కాదు. అది మలయా ద్వీపకల్పాన్ని దాటి, బంగాళాఖాతంలో మళ్ళీ బలం పుంజుకుని, కొద్ది రోజులకే నెల్లూరు జిల్లా కావలి దగ్గర తీరం దాటింది. మనవాళ్ళు నేటికీ దాన్ని కావలి తుఫాను అనే అంటారు.

1996 కూడా అలాంటి ఏడే. ఏప్రిల్‌లో ఒలీవియా తుఫాను బారో ద్వీపం మీద గంటకి 408 కిలోమీటర్ల గాలి విసురు చూపించింది. నవంబరు 6న కోనసీమ మీద పడిన తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ కోనసీమ తీరానికి ఎదురుగానే రవ్వ చమురు క్షేత్రం ఉంది. 1987లో ఓఎన్‌జీసీ కనిపెట్టిన ఆ క్షేత్రాన్ని 1994 ఒప్పందంతో నడపడానికి వచ్చినది కమాండ్ పెట్రోలియం అనే ఆస్ట్రేలియా కంపెనీయే. తరువాత అది కెయిర్న్ చేతికి వెళ్ళింది. ఎస్. యానాం ఒడ్డున నిలబడి చూసే మనిషికీ, కరాతా ఒడ్డున నిలబడి చూసే మనిషికీ తెలియకుండానే చుట్టరికం ఉందన్నమాట.

"యూ" నుంచి "ఓ" దాకా

గోదావరి ముఖద్వారం దగ్గర గాడిమొగకి 2009 నుంచి కేజీ-డి6 గ్యాసు వస్తోంది. లోతైన నీళ్ళలో బావులు సముద్రం అడుగునే ఉంటాయి. అక్కడి నుంచి గ్యాసుని ఒడ్డుకి తెచ్చేది పైపు. అదీ గుండ్రటి గొట్టమే, నిలబడకుండా పడుకున్నది. తుఫాను వస్తే లోతు తక్కువ చోట అడుగునున్న నీరు కూడా ఊగుతుంది, పైపుని పక్కకి దొర్లించబోతుంది. దొర్లకుండా ఉండాలంటే కాంక్రీటు తొడుగు వేసి బరువు పెంచాలి, లేదా కందకం తవ్వి పూడ్చాలి. రెండూ ఖరీదైన పనులే.

దీన్ని కొలవడానికి పెర్త్‌లోని వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో 2010 ప్రాంతంలో "ఓ-ట్యూబ్" కట్టారు. సార్ప్‌కాయా సొరంగం "యూ" అయితే ఇది గుండ్రంగా తనలో తనే కలిసిపోయే సొరంగం. కొలిచే భాగం 17 మీటర్ల పొడుగు, మీటరు వెడల్పు. ఒక పెద్ద పంకా నీటిని ముందుకీ వెనక్కీ తోస్తూ, నిజమైన తుఫానులో సముద్రం అడుగున నీరు ఎలా కదులుతుందో అలాగే కదిలిస్తుంది. అడుగున నిజమైన ఇసక, దాని మీద పైపు. అక్కడ తెలిసినది ఆసక్తికరమైనది. పైపు దొర్లేంత బలం రాకముందే చాలాసార్లు ఇసకే కదలడం మొదలవుతుంది. పైపు కింద తొలుచుకుపోయి, పైపు దానంతట అదే కొంత కూరుకుపోతుంది. ఇసక కదలదనుకుని వేసిన పాత లెక్కలు ఈ సంగతిని చూడలేదు. నీటి బలాన్ని మాత్రమే కొలిస్తే చాలదు, నేలతో కలిపి కొలవాలని దీని సారాంశం.

మన తీరంలో కొలత

బంగాళాఖాతాన్ని కొలవడంలో మనవాళ్ళూ వెనకపడలేదు. 1952లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి వచ్చి, ఆచార్య సి. మహదేవన్ వంటి వారితో కలిసి విశాఖ తీరంలో పరిశోధనకి పునాది వేశాడు. సముద్రం అడుగునున్న ఒక లోయకి మహదేవన్ పేరే పెట్టారు. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం లేని హైదరాబాదులో కూర్చుని, తీరం వెంట తేలే బోయాలు పంపే అలల ఎత్తులు చూసుకుని, జాలర్లకి ముందస్తు హెచ్చరికలు ఇస్తోంది. దివిసీమని ముంచేసిన 1977 ఉప్పెన నాటికి ఇటువంటి ఏర్పాటే లేదు.

ఎంత మంచి సమీకరణమైనా "అల ఎంత ఎత్తు?" అని ముందు అడుగుతుంది. ఆ అంకె మెక్సికో సింధుశాఖ నుంచి అరువు తెచ్చుకుంటే కుదరదు. ఎవరి సముద్రాన్ని వాళ్ళే కొలుచుకోవాలి, అదీ తుఫాను రాకముందు నుంచీ, ఏళ్ళ తరబడి. డబ్బు లేదని బోయాల బాగోగులు వాయిదా వేసిన ప్రతిసారీ, రాబోయే ఇంజనీరు గడిలో వేసే అంకె కొంచెం ఊహ అవుతుంది.

మన పిల్లల్లో చాలామంది మా లాగే కంప్యూటర్ల వైపు వెళుతున్నారు. తప్పేమీ లేదు. ఈనాడు తొట్టిలో చేసే ప్రయోగాల్లో చాలా భాగం కంప్యూటర్లోనూ చేస్తున్నారు. కాని ఆ కంప్యూటరు లెక్క సరైనదో కాదో తేల్చేది మళ్ళీ నీళ్ళలో పెట్టిన గొట్టమే. పిల్లలు ఎప్పుడైనా ప్రోగ్రాములో 1.05 అని వెయ్యవలసి వస్తే, ఆ అంకె ఎక్కడిదని ఒక్కసారి అడగమని చెప్పండి. స్కెరీవోర్ రాళ్ళ మీది తోలు ఉంగరం నుంచి పెర్త్‌లోని ఇసక సొరంగం దాకా ఎందరో తడిసి కొలిచారు. ఆ అంకె మీద నిలబడి ఈ రాత్రి కూడా సముద్రం మధ్య ఎవరో డ్యూటీ చేస్తున్నారు.